గ్రంథస్వామ్యము - దాని గడువు

పొలమునకు గట్టున్నట్లే గ్రంథమునకును ఒక గట్టున్నది. ముఖపత్రము వెనుక "సర్వస్వామ్యములు గ్రంథకర్తవి" అని యుండు చిన్న వాక్యమే యా గట్టు. అయితే పొలము తరతరములుగా వంశమునకు సంక్రమించును. గ్రంథ మట్లు గాదు. నిర్ణీతకాలము గడచిన పిమ్మట గట్టు తొలగి, అది సర్వజనుల సొత్తగును. ఈ నియమ మెట్లేర్పడెనో గ్రంథాలయ పాఠకులు తెలిసికొనదగినది.

తాళపత్రముల కాలమున ప్రతి వ్రాసికొనుట పుణ్యకార్యముగా నెంచబడెడిది. అచ్చుయంత్రము వచ్చి వేలకొలది ప్రతులు తీయుట సాధ్యమైన పిదపనే, లాభమెవరిదను తగవు పుట్టినది. ఇంగ్లండులో ముద్రణాధికారము చిరకాలము లండను పుస్తక వర్తకుల సంఘము చేతిలో నుండెను. 1710లో అమలులోనికి వచ్చిన ఆన్ రాణి శాసనము ఆ హక్కును గ్రంథకర్త కొసగి, గడువును గూడ విధించెను. క్రొత్త గ్రంథమునకు 14 ఏండ్లు. అవి తీరునాటికి కర్త జీవించియున్నచో మరి 14 ఏండ్లు.

లండను వర్తకులు దీనికి సమ్మతింపలేదు. శాసనపు గడువు తీరినను తమ హక్కు శాశ్వతమని వాదించిరి. ఎడింబరో నగరపు వర్తకుడు అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్ అట్టి పుస్తకములను చౌకగా అచ్చువేసి అమ్మెను. జేమ్స్ థామ్సన్ రచించిన ఋతువర్ణన కావ్యమును గూర్చిన వ్యాజ్యమున, 1774లో ప్రభువుల సభ శాశ్వత హక్కు లేదని తీర్పు చెప్పెను. పాత గ్రంథములు చౌకవెలలకు లభించుటకు ఆ తీర్పు త్రోవచేసెను.

మన దేశమున 1847లో తొలి చట్టము, 1914లో మరియొకటి వచ్చినవి. 1957 నాటి చట్టము కర్త మరణానంతరము 50 ఏండ్ల గడువు నుంచెను. 1941లో గతించిన రవీంద్రనాథ ఠాకూరు రచనలపై హక్కు 1991తో తీరవలసియుండగా, ఆ సంవత్సరపు చివరి దినములలో ప్రభుత్వము అత్యవసర శాసనముచే గడువును 60 ఏండ్లకు పెంచెను. 1992లో పార్లమెంటు దానిని చట్టము గావించెను. ఈ పెంపు ఠాకూరు కొక్కనికే గాక, అప్పటికి గడువు తీరని వారందరికిని వర్తించినది.

కర్త మరణించిన మరుసటి జనవరి 1వ తేదీ నుండి ఈ లెక్క సాగును. గురజాడ అప్పారావుగారు 1915లో దివంగతులైరి గాన, పాత లెక్క చొప్పున వారి రచనలు 1965 తుదితోనే స్వేచ్ఛ పొందినవి. ఒకప్పుడు మద్రాసు ప్రభుత్వ నిషేధమునకు గురియైన "మాలపల్లి" కర్త ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1958లో గతించిరి. ఆ నవల 2019 జనవరి నుండి ప్రజలదైనది. 1979లో గతించిన చలంగారి రచనలపై హక్కు 2039 తుదివరకు నిలుచును. మూలము స్వేచ్ఛ పొందినను, ఇటీవలివారు చేర్చిన పీఠికకు, వ్యాఖ్యకు, అనువాదమునకు వేరుగ హక్కుండును.

చట్టము గట్టును తొలగించునే గాని పుస్తకమును కాపాడదు. చెదపురుగునకు గడువు తెలియదు. హక్కుదారునకు లాభము లేదని పునర్ముద్రణ మానిన గ్రంథమునకు, గడువు తీరునాటికి మిగిలిన ప్రతి ఏ పల్లె బీరువాలోనో యుండవచ్చును. ఆ ప్రతి నశించినచో ప్రజలకు దక్కిన హక్కు వట్టిదగును. కావున అట్ట చిరిగినదని, కాగితము పసుపువారినదని ఏ పాత పుస్తకమును పారవేయరాదు. రాబోవు తరముల ఆస్తికి మనము ధర్మకర్తలము. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము ఈ బాధ్యతను మరువక వర్ధిల్లుగాక!