బస్రా ముత్యాలు, బహ్రెయిన్ బాకీలు

హైదరాబాదుకి సముద్రం లేదు. దగ్గరి తీరం చేరాలన్నా మూడొందల కిలోమీటర్ల పైమాటే. అయినా మనం దాన్ని ముత్యాల నగరం అంటాం. "అసలైన బస్రా ముత్యం" అన్నాడంటే పత్తర్‌గట్టి దుకాణదారు రేటు పెంచబోతున్నాడని అర్థం. నిజాం నగల్లో ఏడుపేటల సత్‌లడా హారం కూడా బస్రా ముత్యాలదే. ఆ నగల్లో 173 వస్తువుల్ని 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకి కొంది.

తమాషా ఏమిటంటే, బస్రా ముత్యాలు బస్రావి కావు. గల్ఫ్ నుంచి వచ్చిన ముత్యాలన్నిటికీ మనవాళ్ళు ఆ రేవు పేరు తగిలించేశారు. గల్ఫులో ముత్యాల వేటకి పెద్ద కేంద్రం బహ్రెయిన్. అక్కణ్ణించి సరుకు బొంబాయి వెళ్ళేది, అక్కడ బెజ్జం వేసి, గ్రేడు కట్టి అమ్మేవాళ్ళు. బహ్రెయిన్లో 1965 దాకా చెల్లిన డబ్బు కూడా రూపాయే!

నేనుండే ధహ్రాన్‌కి బహ్రెయిన్ పక్కనే. మధ్యలో 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన, 1986లో తెరిచారు. శుక్ర, శనివారాలొస్తే ఇక్కడి జనం సినిమాకో, బీచికో అటు వెళ్తుంటారు. నేనూ ఓ వారాంతం ఒక్కణ్ణే వెళ్ళాను, ముహర్రఖ్ అనే పాత ఊరు చూడ్డానికి. అక్కడ ముత్యాల వ్యాపారంతో ముడిపడిన 17 కట్టడాల్నీ, బూ మాహిర్ ఒడ్డునీ, సముద్రంలోని మూడు ముత్యపు చిప్పల మేటల్నీ కలిపి 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిని కలుపుతూ మూడున్నర కిలోమీటర్ల నడకదారి. దారి పొడుగునా ముత్యాల్లాంటి తెల్లటి గుండ్రటి దీపాలు. బీచి మీద ఆశతో వెళ్తే మాత్రం నిరాశే. సముద్రాన్ని పూడ్చి ఊరిని పెంచుకుంటూ పోయారు, పాత ఒడ్డు మిగిలింది బూ మాహిర్ దగ్గర ఆ చిన్న ముక్కే.

సియాదీ కుటుంబపు వర్తకుల ఇంటి గోడల మీద సున్నపు చెక్కడాలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అంత డబ్బు ఎవరి ఊపిరి మీద వచ్చిందో చూద్దాం.

లోరిమర్ అనే బ్రిటిష్ అధికారి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేసిన లెక్క ప్రకారం, ఒక్క బహ్రెయిన్ నుంచే 917 పడవలు, 17,633 మంది వేటకి వెళ్ళేవాళ్ళు. మండువేసవిలో నాలుగు నెలలు సముద్రం మీదే. ముక్కుకి క్లిప్పు, మెడలో బుట్ట, కాలికి రాయి. రాయి బరువుతో అడుక్కి వెళ్ళి, ఊపిరి బిగబట్టి నిమిషం పైన చిప్పలు ఏరాలి. తాడు లాగితే పైనున్నవాడు పైకి లాగుతాడు. ఇలా పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దు గుంకేదాకా. స్వాతివాన చినుకు చిప్పలో పడితే ముత్యమవుతుందని మనం కమ్మగా చెప్పుకుంటాం కదా, అక్కడ దిగినవాడికి మిగిలింది చెవిపోటు, కళ్ళ జబ్బులు, తోలు ఊడిపోవటం.

సీజను మొదట్లో నాఖుదా, అంటే పడవ కెప్టెన్, ముంగడప్పు ఇచ్చేవాడు. ఇంట్లో తిండికి అదే ఆధారం. సీజను చివర ముత్యాలమ్మి లెక్క చూస్తే, చాలామందికి అప్పు తీరేది కాదు. లెక్క రాసేది నాఖుదా, మునిగేవాడికి చదువు రాదు. బాకీ తీరకుండా వేరే పడవ ఎక్కడానికి లేదు. తండ్రి పోతే బాకీ కొడుకు మీదికొచ్చేది. మన పాలమూరు కూలీ, గుంపుమేస్త్రీ ఇచ్చే అడ్వాన్సూ గుర్తొస్తున్నాయా? నాకూ అవే గుర్తొచ్చాయి.

1920ల్లో బ్రిటిష్‌వాళ్ళ ఒత్తిడితో మనిషికో ఖాతా పుస్తకం పెట్టించారు. ఈలోగా జపాన్‌లో మికిమోటో పెంచిన ముత్యాలు మార్కెట్లోకొచ్చాయి, 1929లో ఆర్థిక మాంద్యం మొదలైంది. ధరలు కుప్పకూలాయి. ముంగడప్పు తగ్గించారని 1932లో బహ్రెయిన్ డైవర్లు తిరగబడ్డారు. అదే ఏడాది అక్కడ చమురు పడింది. 1938 మార్చిలో ఇటువైపు, ధహ్రాన్‌లో, దమ్మామ్ ఏడో నంబరు బావి పొంగింది. నిన్నటి డైవర్లు చమురు కంపెనీల్లో కూలీలయ్యారు.

కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. ఆ తర్వాత ఒమర్ అల్ షెహాబీ అనే బహ్రెయినీ పరిశోధకుడి వాదన చదివాను. ఇవాళ గల్ఫులో పనిచేసే ప్రతివాడికీ తెలిసిన కఫాలా పద్ధతి ఏదో ఎడారి ఆచారం కాదంటాడు. బయటి ఊళ్ళనుంచి వేటకొచ్చేవాళ్ళ మీద నిఘా పెట్టే పని బ్రిటిష్ అధికారులు నాఖుదాల నెత్తిన పెట్టారట. "నీ మనిషికి నువ్వే జామీను." కఫీల్ అన్నా జామీనుదారు అనే అర్థం. పడవ పోయింది, ముత్యం పోయింది, జామీను మాత్రం చమురు యుగంలోకి నడిచొచ్చింది.

జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో ఏజెంటుకి అప్పుచేసి డబ్బు కట్టి వచ్చేవాడి బాకీ విమానం ఎక్కకముందే మొదలవుతుంది. కఫీల్ దగ్గర ఉండలేక బయటపడితే మనవాళ్ళ భాషలో వాడు "ఖల్లివెల్లి". చట్టం కదలలేదని కాదు. బహ్రెయిన్ 2009లో, సౌదీ 2021లో నిబంధనలు సడలించాయి. సౌదీలో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారొచ్చు, దేశం దాటి రావచ్చు అన్నారు. నాబోటివాడు ఫోన్లో రెండు బటన్లు నొక్కి వంతెన దాటగలిగింది ఆ మార్పు వల్లే. కానీ ఆ 2021 సంస్కరణలోంచి ఇంటి పనివాళ్ళని, సొంత డ్రైవర్లని, తోటమాలుల్ని, గొర్రెల కాపరుల్ని మినహాయించారు. మన జిల్లాలనుంచి వచ్చేవాళ్ళలో ఈ పనులు చేసేవాళ్ళు ఎందరో ఉన్నారు.

హైదరాబాదులో ఇవాళ అమ్మే ముత్యాల్లో చాలావరకు చైనా చెరువుల్లో పెంచినవి. పాత బస్రా ముత్యాలు మాత్రం ఏ అమ్మమ్మగారి పెట్టెలోనో ఇంకా ఉంటాయి. మీ ఇంట్లో ఉంటే ఈసారి బయటికి తీసినప్పుడు, ఎంత చేస్తుందన్న లెక్కతో పాటు, ఎవడి బాకీలో జమ అయిందోనని కూడా ఓసారి అనుకోండి.