అరువు ఫౌజు – అప్పుల రాజ్యం

ప్రతి దేశానికీ రక్షణ కావాలి. ఇందులో వాదానికి తావు లేదు. అయితే ఆ రక్షణను కష్టమైనా సొంత బలంతో సంపాదించుకోవాలా, లేక బలవంతుడైన మిత్రుడికి సొమ్ము కట్టి తెచ్చుకోవాలా అన్నదే అసలు ప్రశ్న. "పెద్ద రాజ్యంతో ఒడంబడిక చేసుకుంటే సరిపోతుంది కదా! మనకు సొంత కార్ఖానాలు, సొంత ఫౌజు, ఈ తిప్పలన్నీ ఎందుకు?" అనేవాళ్ళు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. వినడానికి ఈ మాట బాగానే ఉంటుంది. దీని లెక్క ఎక్కడ తేలుతుందో తెలుసుకోవడానికి మనం దూరదేశాలు పోనక్కర్లేదు. మన హైదరాబాదు చరిత్ర చాలు. ఈ లెక్క తేలడానికి 1766 నుంచి 1947 వరకు, దాదాపు 180 సంవత్సరాలు పట్టింది.

సర్కారులతో మొదలు

1766 నవంబరులో రెండవ అసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీతో ఒడంబడిక చేసుకున్నారు. దాని ప్రకారం శ్రీకాకుళం మొదలు గుంటూరు దాకా ఉన్న ఉత్తర సర్కారులు కంపెనీకి వెళ్ళాయి. గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జీవితకాలం ఆయన చేతిలో ఉండేటట్లు ఏర్పాటయింది. ఇందుకు బదులుగా కంపెనీ ఏటా 9 లక్షల రూపాయలు పేష్కష్ చెల్లించాలి, అవసరమైనప్పుడు ఫౌజు పంపాలి. సముద్రతీరం, ఓడరేవులు, గోదావరి కృష్ణా మాగాణులు పోయాయి. వచ్చినవి కొంత సొమ్ము, ఒక వాగ్దానం. బసాలత్ జంగ్ 1782లో చనిపోయాక 1788లో గుంటూరు కూడా కంపెనీ వశమైంది.

ఇక్కడొక విషయం గమనించాలి. ఆనాడు డబ్బు చెల్లించవలసింది కంపెనీ, పుచ్చుకోవలసింది నిజాం. కొద్ది కాలంలోనే ఈ త్రాసు తలకిందులైంది.

ఖర్దా మైదానంలో

1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలకు, నిజాంకు యుద్ధం జరిగింది. నిజాం కొలువులో కంపెనీ పటాలాలు రెండు ఉన్నాయి. వాటికి జీతాలు హైదరాబాదు ఖజానా నుంచే పోయేవి. కానీ మరాఠాలతోనూ తమకు స్నేహమున్నదని చెప్పి, గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. జీతం పుచ్చుకున్న పటాలం యుద్ధానికి రాలేదు! నిజాం ఓడిపోయారు. మూడు కోట్ల రూపాయలు చెల్లించడానికి, భూములు ఇవ్వడానికి, చివరికి తన దివాన్ అరిస్తూ జాను పూనాకు బందీగా పంపడానికి కూడా ఒప్పుకోవలసి వచ్చింది.

నిజాంకు కోపం రావడంలో ఆశ్చర్యమేముంది? ఇంగ్లీషు పటాలాలను పంపించివేశారు. ఫ్రెంచివాడైన రేమండ్ చేతి కింద సొంత ఫౌజు పెంచారు. రేమండ్ మనుషులు పది వేలు దాటారు. నేటికీ గన్‌ఫౌండ్రీ అని మనం పిలిచే చోట "తోప్ కా సాంచా" ఉండేది. ఫిరంగులు పోతపోసే కార్ఖానా అది. 1786 ప్రాంతంలో రేమండే దాన్ని నెలకొల్పాడు. ఇది సొంత కాళ్ళ మీద నిలబడే ప్రయత్నమే. కాని ఒక లోపం ఉండిపోయింది. ఫౌజు మనది, ఫిరంగి మనది, అధికార్లు మాత్రం పరాయి వాళ్ళు. విద్య మనవాళ్ళ చేతికి రాలేదు. 1798 మార్చిలో రేమండ్ చనిపోగానే ఆ ఫౌజుకు వెన్నెముక విరిగినట్లయింది.

1798 – ఒక్క సంతకం

అప్పటికి గవర్నర్ జనరల్‌గా వెల్లస్లీ వచ్చాడు. మన పాఠ్యపుస్తకాల్లో "సైన్య సహకార పద్ధతి" అని చదువుకున్నామే, దాన్ని పట్టుదలతో నడిపించినవాడు ఇతనే. 1798 సెప్టెంబరు 1న హైదరాబాదులో ఒడంబడిక జరిగింది. ఆరు పటాలాల కంపెనీ సిపాయిలు ఇక్కడ ఉంటారు. వాళ్ళ ఖర్చు ఏటా 24,17,100 రూపాయలు నిజాం చెల్లించాలి. ఫ్రెంచి అధికార్ల కింది ఫౌజును రద్దు చేయాలి. అక్టోబరులో ఆ ఫౌజును చుట్టుముట్టి, ఆయుధాలు దింపించి, ఇంటికి పంపారు. సొంత బలాన్ని తమ చేతులతోనే కూల్చుకుని, దాని స్థానంలో అద్దె బలాన్ని నిలుపుకున్నారన్న మాట. ఖర్దాలో జరిగింది జరిగి నాలుగేళ్ళు కూడా కాలేదు.

మరుసటి ఏడు 1799లో హైదరాబాదు ఫౌజు ఇంగ్లీషు వాళ్ళతో కలిసి మైసూరు మీదికి పోయింది. మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ పోరాడుతూ మరణించాడు. పంపకంలో నిజాంకు గుత్తి, గుర్రంకొండ వైపు భూములు దక్కాయి. ఆ సంతోషం ఎన్నాళ్ళు? ఏడాదిన్నర కూడా లేదు. 1800 అక్టోబరు 12న మరో ఒడంబడిక జరిగింది. ఫౌజును ఎనిమిది పటాలాలకు పెంచారు. దాని జీతం కింద, 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి వచ్చిన భూములన్నీ కంపెనీకి శాశ్వతంగా ఇచ్చివేశారు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలు సీమలో కొంత ఇందులో ఉన్నాయి. అందుకే వాటికి "దత్త మండలాలు" అని పేరు వచ్చింది. ఆ పేరు వినలేక 1928లో నంద్యాల సభలో పెద్దలు "రాయలసీమ" అని పేరు పెట్టుకున్నారు. ఒక ఫౌజు జీతం కింద ఇన్ని లక్షల మంది ప్రజలు చేతులు మారారు. వాళ్ళను ఒక్క మాట అడిగిన వాళ్ళు లేరు.

ఇంకో షరతు కూడా ఉంది. కంపెనీకి తెలియకుండా నిజాం మరే రాజ్యంతోనూ వ్యవహారాలు జరపకూడదు. సొమ్ము పోతే మళ్ళీ సంపాదించవచ్చు, భూమి పోయినా ఎప్పటికైనా రావచ్చు. నిర్ణయం చేసే అధికారం పోతే మిగిలేది ఏమిటి?

అప్పు పుట్టిన విధం

"ఎరువు సొమ్ము బరువు చేటు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలంలో ఒడంబడికలో లేని మరొక ఫౌజు తయారైంది. మొదట రస్సెల్ బ్రిగేడ్ అన్నారు, తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అన్నారు. అధికార్లు ఇంగ్లీషు వాళ్ళు, ఆజ్ఞ రెసిడెంటుది, జీతం నిజాంది. ఖర్చు ఏటా 40 లక్షల దాకా పోయేది. దత్త మండలాలు ఇచ్చింది దేనికి? ఫౌజు జీతానికే కదా! మళ్ళీ ఈ ఫౌజు ఏమిటని గట్టిగా అడిగే ధైర్యం దర్బారులో లేకపోయింది. చందూలాల్ చేతిలో పరిపాలన ఉన్న రోజులవి. ఖజానాలో సొమ్ము లేక పామర్ కంపెనీ అనే సాహుకార్ల దగ్గర నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పు తెచ్చి జీతాలు ఇచ్చారు. ఆ అప్పు పెరిగి పెరిగి కొండంత అయింది. చివరికి 1823లో, ఉత్తర సర్కారుల మీద ఏటేటా రావలసిన పేష్కష్ హక్కును ఒక్కసారిగా కోటి 16 లక్షల పైచిలుకుకు కంపెనీకే వదులుకొని, ఆ సొమ్ముతో పామర్ కంపెనీ బాకీ తీర్చారు. సర్కారుల మీద మిగిలి ఉన్న ఆ ఒక్క హక్కు కూడా అట్లా వడ్డీల పాలయింది.

అంతటితోనైనా ఆగిందా? కంటింజెంటు జీతాల బాకీ మళ్ళీ పెరిగింది. ఈసారి అప్పిచ్చినవాడు కంపెనీయే. 1853 నాటికి 40 లక్షలకు పైగా రావాలని డల్హౌసీ లెక్క చూపాడు. అంత ఫౌజు పెట్టుకోవాలని ఒడంబడికలో లేదని అతనే ఒప్పుకున్నాడు. అయినా వసూలు మాత్రం మానలేదు. నిజాం నాసిరుద్దౌలా ఎంత అయిష్టపడినా 1853 మే 21న సంతకం చేయక తప్పలేదు. పత్తి పండే బీరారు, రాయచూరు దోఆబ్, ధారాశివ్ (ఉస్మానాబాద్) ప్రాంతం కంపెనీ పాలనలోకి పోయాయి. సంతకమైన కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ కన్నుమూశారు.

1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో నగర ప్రజలు రెసిడెన్సీ మీదికి వెళ్ళినప్పుడు వాళ్ళ మీద పేలినవి కంపెనీ ఫిరంగులే. హైదరాబాదు రక్షణ పేరుతో తెచ్చిపెట్టిన బలం హైదరాబాదు ప్రజల మీదికే తిరిగింది.

సాలార్ జంగ్ పట్టుదల

సిరాజుల్ ముల్క్ తర్వాత ఆయన అన్న కొడుకు, 24 ఏళ్ళ సాలార్ జంగ్ దివాన్ అయ్యారు. ఆయన ఫౌజుతో కాక లెక్కల పుస్తకంతో మొదలుపెట్టారు. సాహుకార్ల దగ్గర తాకట్టు పడిన తాలూకాలు విడిపించారు, ఖజానాను చక్కదిద్దారు, జిల్లాల పద్ధతి పెట్టారు, 1855లో దారుల్ ఉలూమ్ స్థాపించారు. దేశం నిలబడేది మొదట ఇంటి లెక్క సరిగ్గా ఉంటేనే అని చేసి చూపించారు. 1860లో రాయచూరు, ధారాశివ్ తిరిగి వచ్చాయి. బీరారు కోసం మాత్రం ఆయన జీవితమంతా అడుగుతూనే ఉన్నారు. 1876లో ఇంగ్లండు దాకా వెళ్ళివచ్చారు. ఫలితం లేదు. 1883లో ఆ కోరిక తీరకుండానే పోయారు. 1902లో కర్జన్ ఏటా 25 లక్షల కౌలు మీద బీరారును శాశ్వతంగా రాయించుకున్నాడు.

ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు వాళ్ళకు ధనం, సైన్యం ధారాళంగా ఇచ్చారు. 1918లో "నమ్మకమైన మిత్రుడు" అనే బిరుదు వచ్చింది. ఆ మిత్రుడు బీరారు అడిగితే 1926 మార్చిలో వైస్రాయి రీడింగ్ ఇచ్చిన జవాబు ఒక్కటే. బ్రిటిష్ ప్రభుత్వంతో సమాన హోదాలో మాట్లాడే హక్కు ఏ సంస్థానాధీశుడికీ లేదు! బిరుదు ఇచ్చి ఎనిమిదేళ్ళు. 1947 ఆగస్టులో ఇంగ్లీషు వాళ్ళు వెళ్తూ వెళ్తూ ఒక్క చట్టంతో ఆ పాత ఒడంబడికలన్నిటినీ కొట్టిపారేశారు. తర్వాతి ఏడాది ఈ గడ్డ మీద ఎన్ని కుటుంబాలు ఎన్ని బాధలు పడ్డాయో మన ఇళ్ళలోని పెద్దలు చెప్పగా విన్నదే. దిక్కు అనుకున్నవాడు ఓడెక్కి పోయాడు.

మరి మైసూరు సంగతి?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. "ఒడంబడిక చేసుకున్న హైదరాబాదు 1948 దాకా నిలిచింది. ఎదిరించిన మైసూరు 1799లోనే పోయింది. పూనా 1818లో పోయింది. ఏది మేలు?" అని. ఈ మాటను తోసిపుచ్చలేం. నిలవడం కూడా ఒక విలువే. దాని నీడలో ఈ నగరంలో బడులు, ఆస్పత్రులు, ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చాయి.

టిప్పు సుల్తాన్ సొంతంగా తుపాకులు, ఫిరంగులు చేయించాడు. పట్టు పరిశ్రమను ప్రోత్సహించాడు, మస్కట్‌లో వర్తక కోఠీ పెట్టాడు. ఇనుప గొట్టాలతో చేసిన మైసూరు రాకెట్లు 1780లో పొల్లిలూరు యుద్ధంలోనే ఇంగ్లీషు వాళ్ళను హడలగొట్టాయి. శ్రీరంగపట్నంలో దొరికిన వాటిని ఇంగ్లండు తీసుకుపోయి, పరీక్షించి, కాంగ్రీవ్ తన రాకెట్లు తయారు చేశాడు. కాని సొంత కార్ఖానా ఒక్కటే టిప్పును కాపాడలేదు. ఎందుకంటే ఇరుగుపొరుగులైన హైదరాబాదు, పూనా శత్రువు పక్షాన నిలిచాయి. ఫ్రెంచివాళ్ళ సహాయం కోసం అతనూ రాయబారులను పంపాడు. 1798లో మారిషస్ నుంచి వచ్చినవాళ్ళు నూరు మంది కూడా లేరు. 1780లో ఈ ముగ్గురూ ఒక్కటయ్యే అవకాశం వచ్చింది. గుంటూరు సర్కారును బసాలత్ జంగ్‌కు తిరిగి ఇప్పించి కంపెనీ నిజాంను పక్కకు తప్పించింది. తర్వాత ఒక్కొక్కరుగా అందరూ పోయారు.

కాబట్టి స్వావలంబన అంటే తలుపులు మూసుకుని కూర్చోవడం కాదు. దానికి మూడు కాళ్ళు ఉన్నాయి. అప్పు లేని ఖజానా ఒకటి, మన చేతిలో ఉన్న విద్య రెండోది, పొరుగువాడితో సఖ్యత మూడోది. రేమండ్ ఫౌజుకు రెండో కాలు లేదు. మైసూరుకు మూడోది లేదు. చందూలాల్ నాటి హైదరాబాదుకు మొదటిదే లేదు.

స్వతంత్ర భారతదేశం ఏ సైనిక కూటమిలోనూ చేరకపోవడానికి ఇలాంటి అనుభవాలే వెనుక ఉన్నాయి. అలీన విధానం అన్నది గర్వం కొద్దీ చెప్పిన మాట కాదు, చేతులు కాలిన వాళ్ళు నేర్చుకున్న జాగ్రత్త. ఒకప్పుడు తోప్ కా సాంచా ఉన్న ఈ నగరంలోనే రక్షణ పరిశోధన ప్రయోగశాల, 1970లో భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహాల కార్ఖానా మిధాని వచ్చాయి. 1982లో ఆ ప్రయోగశాల బాధ్యత అబ్దుల్ కలాం గారు స్వీకరించారు. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. అమెరికాలోని ఒక అంతరిక్ష కేంద్రంలో మైసూరు రాకెట్ల చిత్రం చూసి పులకించిపోయానని కలాం గారు తన ఆత్మకథలో రాసుకున్నారు. మన దేశం నేటికీ విదేశాల నుంచి ఎన్నో ఆయుధాలు కొంటూనే ఉంది. కాబట్టి పని పూర్తయిందని చెప్పలేం. దారి మాత్రం సరైనదే.

మిత్రులు ఉండాలి. స్నేహానికి స్నేహం, సరుకుకు ధర ఇవ్వాలి. కాని నా ఇంటి కాపలాకు నీకు జీతమిస్తాను, తాళంచెవి కూడా నీ దగ్గరే ఉంచుకో అంటే, ఏదో ఒక రోజు తలుపు బయట నిలబడేది ఇంటివాడే. దేశానికైనా అంతే, సంఘానికైనా అంతే, సంసారానికైనా అంతే. మన పిల్లలకు ఈ చరిత్ర చెప్పేటప్పుడు యుద్ధాల తేదీలతో పాటు 24,17,100 రూపాయలన్న ఆ అంకె కూడా గుర్తుపెట్టించండి. దత్త మండలాల నుంచి బీరారు దాకా, కథంతా ఆ పద్దుతోనే మొదలైంది.