ఉగ్గుగిన్నె, డ్రాపర్

మా పెద్దమ్మాయికి జగిత్యాలలో కాన్పయింది. మూడో రోజు ఇంటికొచ్చేసరికి సిరిసిల్ల నుంచి మా అమ్మ కొంగున ముడేసుకుని వసకొమ్ము తెచ్చింది. కోరుట్ల నుంచి అత్తమ్మ గ్రైప్ వాటర్ సీసా తెచ్చింది. ఆరు నెలలు తల్లిపాలే, చుక్క నీళ్ళు కూడా వద్దని డాక్టరమ్మ చెప్పిందంటే అమ్మ నవ్వింది.

"నిన్ను గూడ గిదే నాకిచ్చి పెంచిన. ఏమైంది బిడ్డా?"

నాకేమీ కాలేదు, నిజమే. నా తర్వాత పుట్టిన తమ్ముడు మాత్రం పురిటి దినాలు దాటలేదు. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ మాట నేను అనలేదు, అమ్మా అనలేదు.

రాత్రి నిద్ర పట్టక ఈ మందుల చరిత్ర చదువుతూ కూర్చున్నాను. గ్రైప్ వాటర్ మన పెద్దల మందు అనుకుంటాం కదా! అది 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారు చేసింది. అందులో సోడా, చక్కెర, సోయకూర గింజల నూనెతోపాటు ఆల్కహాల్ కూడా ఉండేది. పిల్లలు ఊరుకున్నారంటే ఊరుకోరా మరి! ఇక వసను తినే పదార్థాల్లో కలపకూడదని అమెరికా 1968లోనే నిషేధించింది.

చదువుకున్న డాక్టర్లూ తప్పులు చేశారు. 1940ల చివర క్లోరాంఫెనికాల్ వచ్చింది. టైఫాయిడ్‌కు రామబాణం. ఉమ్మనీరు ముందే పోయి పుట్టిన పిల్లలకూ, నెలలు నిండని పిల్లలకూ ఇన్‌ఫెక్షన్ రాకూడదని ముందుజాగ్రత్తగా ఇచ్చేవారు. కొందరు పాలు మానేసి, పొట్ట ఉబ్బి, ఒళ్ళు బూడిద రంగుకు తిరిగి చనిపోయారు. 1959లో లాస్ ఏంజెలిస్ డాక్టర్లు లెక్కలు తీస్తే, ఏ మందూ ఇవ్వని పిల్లల కంటే ఈ మందు పడ్డ పిల్లల్లోనే చావులు చాలా ఎక్కువ. పుట్టిన కొత్తలో కాలేయం దాన్ని అరిగించలేదు, మూత్రపిండాలు బయటికి పంపలేవు. రోజు రోజుకీ ఒంట్లో పేరుకుపోయింది. గ్రే బేబీ సిండ్రోమ్ అని దానికి పేరు. పెద్దవాళ్ళ మోతాదును బరువు లెక్కన తగ్గిస్తే పసిబిడ్డ మోతాదు అయిపోదని వైద్యలోకం అలా నేర్చుకుంది. ఎవరి పిల్లలో పాపం.

మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో వచ్చిన ఆరియోమైసిన్ కూడా అంతే. 1948 నుంచి ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. ఆ జాతి మందులు చిన్నపిల్లల పళ్ళను పచ్చగా చేస్తాయని తర్వాత తేలింది.

అలాగని మందంటేనే భయపడితే ఎట్లా? కాళేశ్వరం దగ్గర నది దాటితే సిరొంచ, అది గడ్చిరోలి జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లెటూరి ఆడవాళ్ళకే పసిబిడ్డను తూచడం, జబ్బు గుర్తుపట్టడం, జెంటామైసిన్ సూది వేయడం నేర్పారు. 39 ఊళ్ళలో నెలలోపు పిల్లల చావులు దాదాపు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సూది పట్టింది మనలాంటి ఆడవాళ్ళే. 2011 నుంచి ఆశా అక్కలు ఇంటింటికీ వచ్చి పసిపిల్లల్ని చూడటం వెనక ఆ అనుభవమే ఉంది.

నా సంగతీ చెప్పాలి. ఈ పెద్దమ్మాయికే నెలన్నర టీకా జ్వరం వచ్చినప్పుడు డాక్టర్ పారాసిటమాల్ సిరప్ రెండు మిల్లీలీటర్లు రాశారు. షాపులో డ్రాప్స్ ఇచ్చారు. పేరు ఒకటే కదా అనుకున్నాను. ఒక డ్రాపర్ నిండా తీస్తే ఒక్క మిల్లీలీటరే వచ్చింది. ఇంత చిన్న పిల్లకి రెండుసార్లు నింపడమేమిటని అనుమానమొచ్చి సీసా మీద చదివాను. డ్రాప్స్‌లో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు, సిరప్‌లో 25. నాలుగింతలు! ఆ డ్రాపర్ చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో.

పొద్దున అమ్మకు తమ్ముడి ఊసెత్తకుండా ఈ డ్రాపర్ కథే చెప్పాను. సగం విని లేచెళ్ళిపోయింది. ఏడో రోజు ఆశా అక్క వచ్చి పాపను తూచింది. అమ్మ పక్కనే నిలబడి, "ఎంతున్నది, ఎంతున్నది?" అని రెండుసార్లు అడిగింది. వసకొమ్ము ఇప్పుడు ఉయ్యాల తాడుకు, పాపకు అందనంత ఎత్తున వేలాడుతోంది. అత్తమ్మ సీసా సీలు తీయకుండా ఫ్రిజ్ మీదే ఉంది.