ఉద్దానం పని చరిత్ర – 7: మగవాడికి రోజు, ఆడమనిషికి కేజీ



1940 ఏప్రిల్ 1న మందస జమీందారీ అడవి పోరాటంలో పోలీసు కాల్పులకు బలైన గున్నమ్మ గురించి గత భాగంలో రాశాను. అప్పటికి ఆమె గర్భిణి. ఆమెను వీర గున్నమ్మ అంటాం, అనాలి కూడా. కానీ ఒకటి గమనించండి. తూటాకి ఎదురెళ్తే ఆడమనిషి వీరనారి. అదే ఉద్దానంలో, జీడి ఫ్యాక్టరీలో కాటా దగ్గర నిలబడి తూకం తప్పని అడిగితే గయ్యాళి. ఈ భాగం ఆ రెండో ఆమె గురించి.

పలాస–కాశీబుగ్గ వైపు ఎప్పుడూ రానివాళ్ల కోసం పని ఎలా నడుస్తుందో చెప్తాను. బస్తాలు మోయడం, బాయిలర్ దగ్గర పిక్కలు ఉడికించడం, కాల్చడం మగవాళ్ల పని. పప్పు మీద పొట్టు తీయడం, రకాలు వేరు చేయడం ఆడవాళ్ల పని. మగవాళ్ల కూలి రోజుకి ఇంత, నెలకి ఇంత. పొట్టు తీసే ఆమెకి మాత్రం కేజీకి ఇంత.

ఆ కేజీ లోపల ఏముందో చూద్దాం. వ్యాపారంలో 320 రకం అంటే ఒక పౌనుకి 320 దాకా గుండు పప్పులు తూగుతాయి. కేజీకి లెక్కేస్తే 700 దాకా. పది కేజీలు చెయ్యాలంటే ఏడు వేల పప్పుల్ని ఒక్కొక్కటే వేళ్ల మధ్య పట్టుకుని, చిన్న కత్తితో, విరగకుండా ఒలవాలి. విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. ధర పడిపోతుంది, తిట్లు ఆమెకే. పప్పు సరిగా ఆరకపోతే పొట్టు ఊడదు. ఆరబెట్టింది ఆమె కాదు, కానీ ఆ ఆలస్యం ఆమె కూలిలోంచే పోతుంది. బాయిలర్ రెండు గంటలు చల్లారినా మగవాడి రోజు రోజే. మగవాడి దగ్గర యజమాని కాలాన్ని కొంటాడు, ఆడమనిషి దగ్గర పప్పును మాత్రమే కొంటాడు. ఆమె కాలం ఉచితం.

మా అమ్మ ఇరవై ఏళ్లు ఈ పని చేసింది. మొదట్లో పిక్క కొట్టేది. జీడి రసం తోలు కాల్చేస్తుందని చేతులకి బూడిద, ఆముదం పూసుకుని కూర్చునేవాళ్లు. తర్వాత పొట్టు పనికి మారింది. కూలి పెంచమని ఒకసారి అడిగితే మేస్త్రీ అన్నాడట: “ఇందులో నేర్చుకునేదేముందే, ఆడోళ్ల చేతికి పుట్టుకతోనే వస్తాది కదా.” పుట్టుకతో వచ్చినదానికి ధర ఉండదన్నమాట. మనకి తెలిసిన వాదనే ఇది. పాకీ పనికీ, చెప్పుల పనికీ ఇదే చెప్పారు.

కేరళలో కొల్లం జీడి ఫ్యాక్టరీల మీద అన్నా లిండ్‌బర్గ్ అనే స్వీడిష్ చరిత్రకారిణి పెద్ద పరిశోధన చేసింది. అక్కడా మగవాళ్లకి రోజు లెక్క, ఆడవాళ్లలో ఎక్కువమందికి తూకం లెక్క. ఆ ఆడవాళ్లలో కూడా మళ్లీ మెట్లు: చేతులు నల్లబడే పిక్క కొట్టే పనిలో దళిత స్త్రీలు, శుభ్రమైన గ్రేడింగ్ బల్లల దగ్గర నాయర్ స్త్రీలు. ఎర్రజెండా యూనియన్లు బలంగా ఉన్నచోటే ఇది. ఇల్లు నడిపేది మగవాడి జీతమేననే భావన ఆ యూనియన్లూ మోశాయి.

చట్టం లేదా అంటారు. ఉంది. 1975లో ఆర్డినెన్సుగా వచ్చి 1976లో సమాన వేతన చట్టమైంది. ఒకే పని, లేదా ఒకే తరహా పని చేస్తే ఆడా మగా తేడా లేకుండా ఒకే వేతనం అంది. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. పలాసలో పొట్టు తీసే బల్ల దగ్గర మగవాడు కూర్చోడు. పోల్చడానికి పక్కన మగవాడే లేనప్పుడు తేడా ఉందని ఎలా రుజువు చేస్తావు? పనిని ముందే విడగొడితే చాలు, చట్టం గేటు బయటే ఆగిపోతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951 నాటి 100వ ఒప్పందం ఇంకా ముందుకెళ్లి “సమాన విలువ ఉన్న పని” అంది. భారత్ 1958లో దాన్ని ఆమోదించింది కూడా. అయినా 2019 వేతన కోడ్‌లో మళ్లీ ఆ పాత మాటే.

బాబాసాహెబ్ కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు, 1944 ఫిబ్రవరిలో, బొగ్గు గనుల్లో ఆడవాళ్లకీ మగవాళ్లకీ సమాన కూలి అన్న సూత్రం ఒక పరిశ్రమలో తొలిసారి నిలబడిందని కేంద్ర శాసనసభలో చెప్పారు. యుద్ధకాలంలో ఆడవాళ్లని మళ్లీ గనిలోకి దించిన ఉత్తర్వును సమర్థిస్తూ చెప్పిన మాట అది. ఆ ఉత్తర్వు నాకు మింగుడుపడదు, దాన్ని దాచనూ దాచను. కానీ గనిలో ఆడా మగా ఒకేచోట పనిచేశారు కాబట్టి పోల్చడం కుదిరింది. మన జీడిలో మొదట తెగ్గొట్టింది ఆ పోలికనే.

ఈ వేసవి సెలవుల్లో ఊరెళ్లే విద్యార్థులు ఒక పని చేయండి. మీ అమ్మనో, పిన్నినో, పక్కింటి అప్పనో అడిగి, 320 రకం ఒక కేజీ ఒలవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి రాసుకోండి. దాన్ని ఎనిమిది గంటలకి లెక్కగట్టి, అదే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర మగవాడి రోజుకూలిని పక్కన రాయండి. తూకంలో కోత ఎంత పడుతుందో అదీ అడగండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. నాకు పంపండి.

వచ్చే భాగం టెక్కలి గ్రానైట్ క్వారీల పని.