ఆ ఖానాలో ఏం రాయాలి?

మొన్న నా చిన్ననాటి దోస్త్ కోసం యూడీఐడీ కార్డు అప్లికేషన్ నింపాను. వాడికి నలభై ఆరేళ్లు, నాకూ అంతే. వినుకొండలో ఒకే మొహల్లా, ఒకే ఉర్దూ మీడియం బడి మావి. నిరుడు వాళ్ల అమ్మీ ఇంతెఖాల్ అయింది. అప్పట్నుంచి ఆపా ఇంట్లో ఉంటున్నాడు. పేరు, వల్దియత్, పుట్టిన తారీఖు రాశాక చదువు ఖానా వచ్చింది. ఆలోచించకుండా "నిరక్షరాస్యుడు" అని రాసేశాను.

ఆపా అడిగింది, "క్యా లిఖ్యా రే?" అని. చెప్పాను.

"వాడికి అలిఫ్ నుంచి యే దాకా వచ్చుగదరా. హాఫిజ్ సాబ్ నేర్పలా?" అంది.

నా కలం ఆగిపోయింది. ఎందుకంటే నేర్పడం నేనూ చూశాను.

వాడు రెండో జమాత్‌లో ఉండగా బడి మానేశాడు. మానేశాడు అనడం కన్నా మాన్పించారు అనడం సబబు. వాడు బెంచీ మీద కూర్చోలేడు. గంట కొడితే చెవులు మూసుకుని బయటికి పరిగెత్తేవాడు. అడిగినదానికి జవాబు చెప్పకుండా అడిగిన మాటనే తిరిగి అనేవాడు. ఉస్తాద్ కొడితే మేమంతా నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. ఒకరోజు రిజిస్టర్‌లో వాడి పేరు మీద గీత పడింది. అదే పిల్లోడు గుంటూరు వైపు, గుంతకల్లు వైపు పోయే మీటర్ గేజ్ రైళ్ల వేళలన్నీ నోటికి చెప్పేవాడు. ఆ ఇల్మ్ మా బళ్లో ఎవరికీ పనికి రాలేదు.

అస్ర్ తర్వాత మసీదు అరుగు మీద హాఫిజ్ సాబ్ మక్తబ్ నడిపేవారు. అక్కడ జమాత్‌లు లేవు. ఎవరి ఖాయిదా వాళ్లది, ఎవరి సబక్ వాళ్లది. ఈ రోజు సబక్ వస్తేనే రేపు తర్వాతిది. మా దోస్త్ ఖాయిదాలో ఒకే పేజీ మీద నెలల తరబడి ఉన్నాడు. వాణ్ని ఎవరూ ఫెయిల్ అనలేదు, అసలు ఆ మాటే అక్కడ లేదు. పలక బలపం పట్టలేకపోతే హాఫిజ్ సాబ్ వాడి వేలు పట్టుకుని ఇసుకలో అలిఫ్ గీయించేవారు. విసుగొస్తే లేచి హౌజ్ చుట్టూ తిరిగి రానిచ్చేవారు. రెండేళ్లలో హురూఫ్ అన్నీ వచ్చాయి, నాలుగు చిన్న సూరాలు విని పట్టేశాడు. హాఫిజ్ సాబ్ వేరే ఊరు వెళ్లిపోయాక వాడి చదువూ అక్కడే ఆగింది.

ఈ పిల్లల్ని ఇప్పుడు న్యూరోడైవర్జెంట్ అంటున్నారు. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా లాంటివన్నీ కలిపి, మెదడు పనితీరు పదిమందికన్నా వేరుగా ఉన్నవాళ్లని చెప్పడానికి 1990ల చివర్లో మొదలైన మాటల కుటుంబం ఇది. మాట కొత్తదే గానీ పిల్లలు కొత్తవాళ్లు కాదు. మరి పాతకాలంలో వీళ్లు ఎక్కడ చదువుకున్నారు? ఆపా మాట విన్నాక ఈ సవాల్ నన్ను వదల్లేదు. తారీఖ్ తిరగేశాను.

1822 జూన్‌లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన జిల్లా కలెక్టర్లందర్నీ బడుల లెక్క అడిగాడు. మన గుంటూరు లెక్క కూడా వెళ్లింది. ఆ పట్టికల్లో బ్రాహ్మణులకో ఖానా, వైశ్యులకో ఖానా, శూద్రులకో ఖానా, ఇతర కులాలకో ఖానా, ముసల్మాన్లకో ఖానా. మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అన్నదీ ఉంది. నా దోస్త్ లాంటి పిల్లోడు ఏ ఖానాలో ఉన్నాడో చెప్పే వీలు లేదు. లేడనుకోవడానికి మాత్రం ఆధారం లేదు. ఆనాటి వీధిబడి కూడా మా మక్తబ్ లాగే నడిచేది. వయసును బట్టి తరగతులు ఉండేవి కావు. ఇసుకలో వేలితో దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం, ఎవరి పాఠం వాళ్లు ఒప్పజెప్పడం. నెమ్మదిగా నేర్చుకునేవాడు అక్కడ వింతగా కనపడడు.

అలాగని పాతదంతా జన్నత్ అనను. కోదండం వేసి కొట్టిన బడులు అవే. బడి అరుగు ఎవరు ఎక్కవచ్చో కులం తేల్చింది. 1895లో ఈ వినుకొండలోనే పుట్టిన గుర్రం జాషువాకు చిన్ననాడు బళ్లో ఎదురైన అవమానాలు మన ఊరికి తెలుసు. తర్వాత ఆయన ఉపాధ్యాయుడూ అయ్యారు, మహాకవీ అయ్యారు. ఎవర్ని కూర్చోబెట్టాలి, ఎవర్ని నిలబెట్టాలి అన్న లెక్క మన బడికి కొత్తగా రాలేదు.

వయసు ప్రకారం తరగతి, ఏడాదికో సిలబస్, ఏడాదికో పరీక్ష వచ్చాక ఇంకో లెక్క తోడయింది. ఫ్రాన్స్‌లో 1882లో చదువు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. పిల్లలందరూ బడికొచ్చాక కొందరు తరగతితో నడవలేకపోతున్నారని తెలిసింది. వాళ్లను గుర్తించడానికే 1905లో ఆల్‌ఫ్రెడ్ బినే తెలివి కొలిచే పరీక్ష తయారుచేశాడు. సాయం అవసరమైన పిల్లలెవరో తెలుసుకుందామన్నది ఆయన నియ్యత్. తర్వాత వచ్చినవాళ్ల చేతుల్లో అదే పరీక్ష పిల్లల్ని వేరు చేసి పక్కన పెట్టే కొలత అయింది.

బడి బయట మాత్రం వేరే కథ నడుస్తూ ఉంది. 1800లో ఫ్రాన్స్ అడవి అంచున ఒక పిల్లోడు దొరికాడు. మాట రాదు. పెద్ద డాక్టర్లు లాభం లేదన్నారు. ఇటార్ అనే కుర్ర డాక్టర్ ఆ పిల్లోడికి విక్టర్ అని పేరుపెట్టి ఏళ్ల తరబడి కూర్చోబెట్టి నేర్పాడు. మాట పెద్దగా రాలేదు గానీ నేర్పే దారి తెలిసింది. ఆ దారిని ఎడ్వార్డ్ సెగాన్ ముందుకు తీసుకెళ్లాడు. చేత్తో తాకి, ఒంటితో కదిలి నేర్చుకునే చదువు ఆయనది. వీళ్లిద్దరి రాతల్ని సొంత దస్తూరీతో తర్జుమా చేసుకుని చదివిన డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి. 1900 ప్రాంతంలో రోమ్‌లో ఆమె మొదట నేర్పింది, బడులు వద్దన్న పిల్లలకే. వేలితో తడిమే గరుకు కాగితం అక్షరాలూ ఆ పని నుంచే వచ్చాయి. మామూలు పిల్లల కోసం ఆమె బడి తెరిచింది ఆ తర్వాతే, 1907లో. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి వందలమంది టీచర్లకు శిక్షణ ఇచ్చింది.

ఇప్పుడు ఆంధ్రాలో ఏ చిన్న టౌనుకు పోయినా ఆమె పేరున్న బోర్డు కనపడుతుంది. ఆ బోర్డు కింద ఎన్ని దర్వాజాలు ఆటిజం పిల్లోడికి తెరుచుకుంటాయో, అలాంటి బిడ్డ ఉన్న తల్లిని అడగండి. ఎవరి కోసం ఆ పద్ధతి పుట్టిందో వాళ్లకే అక్కడ జగా లేదు.

మన దేశంలోనూ మొదటి అడుగు ఇంట్లోంచే పడింది. 1944లో బొంబాయిలో జై వకీల్ అనే పార్సీ తల్లి, డౌన్ సిండ్రోమ్ ఉన్న తన కూతురికి బడి దొరక్క ఇంట్లోనే బడి పెట్టింది. అది నేటికీ నడుస్తోంది. హైదరాబాద్‌లో 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ మొదలైంది. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పెట్టింది. అక్కడ స్పెషల్ టీచర్లు తయారయ్యారు. తల్లిదండ్రులు ఇంట్లోనే నేర్పుకునేలా చిన్న చిన్న పుస్తకాలూ వచ్చాయి.

ఆ తారీఖు చూసి నేను ఆగిపోయాను. మా దోస్త్ పేరు మీద గీత పడే నాటికి సికింద్రాబాద్‌లో ఆ సంస్థ ఉంది. ఆ సంగతి వినుకొండలో మా మొహల్లాకు చేరలేదు. వాళ్ల అమ్మీ తావీజు కట్టించింది, దర్గాల్లో ఫాతెహా ఇప్పించింది. కొందరు మజ్‌జూబ్ అన్నారు, అల్లా వాలా అన్నారు. పిచ్చోడు అనడం కన్నా అది నయమే, అందులో ఇజ్జత్ ఉంది. కానీ మజ్‌జూబ్ అన్నాక ఇక చదువు నేర్పే పని లేదని అందరూ ఊరుకున్నారు.

చట్టాలు ఆలస్యంగా వచ్చాయి. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాలు రాశారు. ఆటిజం అందులో లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆటిజం పేరు కనిపించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలైంది. 2016 చట్టంలో రకాలు ఇరవై ఒకటయ్యాయి. ఆటిజంతో పాటు డిస్లెక్సియా లాంటి నేర్చుకోవడంలోని ఇబ్బందులూ చేరాయి. ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బళ్లోనో, ఇష్టపడితే స్పెషల్ స్కూల్లోనో ఉచితంగా చదివే హక్కు ఇచ్చారు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలంది.

నడుమ 2012లో వచ్చిన సవరణ గురించి మాత్రం కొంచెం ఆగి మాట్లాడాలి. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు కావాలంటే ఇంటి దగ్గరే చదువుకోవచ్చని అది హక్కు ఇచ్చింది. వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్లలోనే దీని మీద రెండు అభిప్రాయాలు వచ్చాయి. మంచం దిగలేని బిడ్డకు, జనం రొద భరించలేని బిడ్డకు ఇది కావాలని కొందరన్నారు. బడులకు ఇదో బహానా అవుతుందని, "ఇంట్లోనే చదివించుకోండి" అని పంపేస్తారని మరికొందరు భయపడ్డారు.

నాకు రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి. తేడా అంతా ఇంటికి ఎవరు వస్తారన్న దాంట్లో ఉంది. 1969లో అమెరికాలో పోర్టేజ్ అనే చిన్న ఊళ్లో ఒక పద్ధతి మొదలైంది. టీచరు వారానికోసారి ఇంటికొచ్చి, ఈ వారం నేర్పాల్సిన చిన్న పని ఒకటి తల్లికి చూపించి వెళ్తుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం కావొచ్చు, రెండు రంగులు వేరుచేయడం కావొచ్చు. మళ్లీ వారం వచ్చి చూస్తుంది. వస్తే తర్వాతిది, రాకపోతే అదే ఇంకా చిన్న ముక్కలు చేసి. మన రాష్ట్రంలో మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల టీచర్లు ఇళ్లకెళ్లి చెప్పడం కూడా ఈ దారిలోదే. ఓపెన్ స్కూల్ ఇంకో దారి. జాతీయ ఓపెన్ స్కూల్లో పది పూర్తిచేయడానికి ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తారు, సబ్జెక్టులు ఒక్కొక్కటిగా రాసుకోవచ్చు. ఇవన్నీ చదువుతుంటే నాకు మసీదు అరుగే గుర్తొచ్చింది. సబక్ చిన్నది చేయడం, రాకపోతే ఆగడం, పిల్లోడి వేగంతో నడవడం. హాఫిజ్ సాబ్‌కు ఈ పేర్లేవీ తెలియవు.

ఆయనకు తెలిసింది అబస సూరా. మక్కా పెద్దలతో ప్రవక్త మాట్లాడుతుండగా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అనే అంధ సహాబీ నేర్చుకోవాలని వచ్చారు. ప్రవక్త ముఖం తిప్పుకున్నందుకు అల్లా హెచ్చరిస్తూ ఆయతులు దించాడు. అదే సహాబీ తర్వాత మదీనాలో అజాన్ ఇచ్చారు, ప్రవక్త ఊళ్లో లేనప్పుడు ఆయన స్థానంలో నిలబడ్డారు. ఆ సూరాను మేమంతా కంఠస్థం చేశాం. బళ్లో వాడు చెవులు మూసుకున్నప్పుడు మాత్రం మేం నవ్వాం.

నా మటుకు అర్థమైంది ఇంతే. వందేళ్లలో ఈ పిల్లలకు పట్టికల్లో ఖానాలు చాలానే దొరికాయి. సర్టిఫికెట్ దొరుకుతోంది, పింఛను దొరుకుతోంది, అవీ కావాల్సినవే. నేర్పే మనిషి మాత్రం ఇంకా నసీబును బట్టే దొరుకుతున్నాడు. హాఫిజ్ సాబ్ ఉన్న రెండేళ్లు మా దోస్త్ చదువుకున్నాడు, ఆయన వెళ్లిపోగానే ఆగిపోయాడు. ఒక మంచి మనిషి మీద ఆధారపడ్డ చదువు అతనితోనే ఊరు దాటిపోతుంది. మీ మొహల్లాలో ఇంట్లో ఉండిపోయిన బిడ్డ ఉంటే ఆ తల్లికి దువాలతో పాటు మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కూడా చెప్పండి. టీచరు రాకపోతే ఎందుకు రాలేదని అడగడానికి ఆమెతో వెళ్లండి. ఈ మాట నాకు ముప్పై తొమ్మిదేళ్లు ఆలస్యంగా తట్టింది.

ఆపా అన్నాక నేను దోస్త్ వైపు తిరిగి "అలిఫ్" అన్నాను. వాడు నన్ను చూడలేదు. కిటికీ వైపు చూస్తూ అలిఫ్, బే, పే, తే... ఎక్కడా ఆగకుండా యే దాకా చెప్పేశాడు. ఆ తర్వాత చూపుడువేలు చాప మీద పెట్టి పై నుంచి కిందికి ఒక గీత గీశాడు. హాఫిజ్ సాబ్ ఇసుకలో గీయించిన అలిఫ్ అది.

రాసింది కొట్టేసి, "మక్తబ్‌లో రెండేళ్లు చదివాడు" అని రాశాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడు అది చూసి, ఇలాంటి ఆప్షన్ ఉండదు సార్ అన్నాడు. ఉండదని నాకూ తెలుసు. అయినా అలాగే ఉంచమన్నాను.