పసితనపు బంధము - దంపతుల తగవు

దంపతుల తగవులకు వేళ్ళు బాల్యములో ఉండునను మాట కొత్తది కాదు. ఫ్రాయిడు ఆ సంగతి ఎన్నడో చెప్పెను. కాని ఆయన ఎక్కువగా పెద్దల జ్ఞాపకములనుండి వెనుకకు లెక్కకట్టెను. పసిబిడ్డను ఎదుట పెట్టుకొని, ఆ బిడ్డ పెద్దయగువరకు వేచి చూచుట వేరు పని.

ఆ పనికి పునాది వేసినవాడు ఇంగ్లండు మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ. తల్లికి దూరమైన పిల్లలను గురించి ప్రపంచ ఆరోగ్యసంస్థ కొరకు ఆయన వ్రాసిన నివేదిక 1951లో వెలువడెను. పాలిచ్చుటవలననే బిడ్డకు తల్లిపై మమకారము కలుగునను పాత వాదమును ఆయన ఒప్పుకొనలేదు. భయము కలిగినపుడు చేరుకొనుటకు ఒక మనిషి కావలెననుట కూడ శిశువునకు ఆకలివంటిదే యని ఆయన అభిప్రాయము.

ఆయనతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్తు 1954లో ఉగాండాకు వెళ్ళి తల్లీబిడ్డలను వారి ఇండ్లలోనే పరిశీలించెను. తరువాత అమెరికాలోని బాల్టిమోరు నగరమున ఒక పరీక్షను కల్పించెను. ఏడాది బిడ్డతో తల్లి ఆటవస్తువులున్న కొత్త గదికి వచ్చును. రెండుమార్లు కొద్ది నిమిషములు బయటకు పోవును. బిడ్డ ఏడ్చుట అంత ముఖ్యము కాదు. తల్లి తిరిగి వచ్చినపుడు ఏమి చేయునో చూడవలెను. కొందరు చంకనెక్కి ఊరడిల్లి మరల ఆటకు పోవుదురు. కొందరు మొగము త్రిప్పుకొందురు. కొందరు తల్లిని విడువకయే ఆమెపై కోపించుచు ఎంతకును ఊరుకొనరు.

1970 దశకము మధ్యలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు పేద తల్లుల బిడ్డలను కడుపులో నున్నప్పటినుండియే పరిశీలింప నారంభించిరి. ఏడాది వయస్సున ఈ పరీక్ష జరిపిరి. ఇరువదియేండ్లు గడచిన పిమ్మట వారిలో కొందరు తాము ప్రేమించినవారితో కూడ ప్రయోగశాలకు వచ్చిరి. తమ మధ్యనున్న తగవును గురించి మాటాడుకొనుడని మొదట చెప్పిరి. పిదప కొద్ది నిమిషములు, ఇద్దరికిని ఏకాభిప్రాయమున్న సంగతులు మాటాడుకొనుడనిరి. ఈ రెండవ భాగములోనే కిటుకున్నది. తగవునుండి ఎవరు తేరుకొందురో అచట తెలియును. పసితనమున తల్లి చెంత ఊరడిల్లినవారే ఇచటను బాగుగా తేరుకొనిరని 2011లో ప్రకటించిరి.

దీనిని పట్టుకొని తల్లులపై నేరము మోపుట తగదు. ఈ ప్రయోగమున పాల్గొన్నవారు 73 మంది మాత్రమే. పైగా అవ్వలు, మేనత్తలు, పిన్నమ్మలు ఎత్తుకొని పెంచు ఇండ్లలో బిడ్డ ఒక్క చంకనే నమ్ముకొని యుండదు గదా!

ఆ పరిశోధనలోనే మరియొక ఫలితము కలదు. పసితనమున భద్రత ఎరుగనివారిలో కొందరికి, తగవును త్వరగా విడిచిపెట్టగల జోడు దొరికెను. రెండేండ్ల తరువాత విచారింపగా, అట్టి జంటలు విడిపోక కలసియుండుట ఎక్కువగా కనబడెను.