రెండుమార్లు నేల దాకిన బంతి

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున జేరిన పిదప, ఈ ఊరి గాంధీనగర్ వంటి పేటలలోని తెలుగువారికి బెంగుళూరు కీర్తి పరాయిది కాకపోయెను. కావున ఆ నగరపు టెన్నిస్ వీరుడు హ్యారీ బోనిఫేస్ ప్రభునకు 2014లో లభించిన పద్మశ్రీని మనమును మన గౌరవముగనే యెంచవచ్చును. నాల్గవ యేట వెన్నునుండి నీరు దీయు చికిత్స వికటించి, కాలుసేతుల పటుత్వము గోల్పోయిన ఆయన, చక్రాలకుర్చీ టెన్నిస్‌ను మన దేశమున పాదుకొల్పిన తొలితరమువాడు. తాను నేర్చినది తనతో నుంచుకొనక, అకాడమీ నెలకొల్పి ఇతర వికలాంగులకును నేర్పెను.

ఈ క్రీడ పుట్టుకయు ఒక ప్రమాదముతో ముడివడినదే. 1976లో అమెరికాలో, మంచుపై స్కీయింగ్ చేయుచు పడి నడుము క్రింద చచ్చుబడిన బ్రాడ్ పార్క్స్ అను పదునెనిమిదేండ్ల యువకుడు, తేలిక కుర్చీలను రూపొందించుచున్న జెఫ్ మిన్నెబ్రేకర్‌తో గలిసి దీనికి ప్రాణము పోసెను. వారు కోర్టును కుదింపలేదు, వలను దింపలేదు, బంతిని మార్చలేదు. బంతి రెండుమార్లు నేల దాకిన పిదపనైనను కొట్టవచ్చునని మాత్రము సడలించిరి. ఆ రెండవ తాకు గీత వెలుపలనైనను చెల్లును. అంతమాత్రమున ఆట సులువయ్యెనని తలపరాదు. రాకెట్ పట్టిన చేతితోనే చక్రపుటంచును త్రోయవలెను; అడుగున వెడల్పుగను, పైన దగ్గరగను వాల్చిన చక్రములపై క్షణములో మలుగవలెను; బంతి కుర్చీకి దగిలినను పాయింటు పోవును. చేతిపట్టు చాలనివారు రాకెట్‌ను చేతికి పట్టీతో బిగించుకొందురు. కుర్చీని జూచి ‘అయ్యో’ యనువారిలో ఎందరు ఆ సర్వ్‌ను తిరిగి కొట్టగలరో చూడదగినదే!

1988 సియోల్ పారాలింపిక్స్‌లో ప్రదర్శనగ నిలిచిన యీ క్రీడకు 1992 బార్సిలోనాలో పతకపు హోదా దక్కెను. చేతులును స్వాధీనము దప్పిన వారికి ప్రత్యేక విభాగము 2004 ఏథెన్సు వరకు రాలేదు. ఆ జాప్యము క్రీడాధికారుల అలసత్వమే యని నా తలంపు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టపు 30వ సెక్షను, క్రీడావసతులను వారికి అనువుగ దిద్దు బాధ్యతను ప్రభుత్వముపై మోపియున్నది. గాంధీనగర్ పెద్దలారా, మన పేటలో ఇక నొక ఆటస్థలమునకు ప్లాను గీయువేళ, మెట్లకు ప్రక్కన వాలుబాటను, కుర్చీ పట్టునంతటి ద్వారమును ఆ కాగితముపైననే అడిగి వ్రాయించుడు.